లాడ్జిలో ఆధార్ జిరాక్స్ అడిగితే
లాడ్జి గుమాస్తా మీ దంపతుల ఆధార్ కార్డులను తన సొంత ఫోనులో ఫొటో తీసుకున్నాడని, అప్పటినుంచి మనసు కుదురుగా లేదని రాశారు. మీ బెంగలో తప్పేమీ లేదండి. గుర్తింపు చూసి రిజిస్టరులో రాసుకోవడం వాళ్ల బాధ్యతే, కానీ అందుకు ఆధారే కావాలని లేదు. నేనైతే డ్రైవింగ్ లైసెన్సు చూపిస్తాను.

ఆధారే ఇవ్వక తప్పకపోతే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. మైఆధార్ వెబ్‌సైటులో ఓటీపీతో లోపలికి వెళ్లి, డౌన్‌లోడ్ చేసేటప్పుడు మాస్క్‌డ్ అన్న గడిలో టిక్కు పెట్టాలి. 12 అంకెల్లో చివరి 4 మాత్రమే కనిపిస్తాయి. ఫైలు తెరిచే పాస్‌వర్డు దగ్గరే చాలామంది తడబడతారు. కార్డులో ఇంగ్లీషులో ఉన్న పేరులోని మొదటి 4 అక్షరాలు క్యాపిటల్స్‌లో, వెంటనే పుట్టిన సంవత్సరం. మనకు ఇంటిపేరు ముందుంటుంది కదా, కార్డులో అలాగే ఉంటే అక్కడి అక్షరాలే కొట్టాలి. జిరాక్సు మీద ‘ఈ లాడ్జిలో బసకు మాత్రమే’ అని తేదీతో అడ్డంగా రాయండి. అంచున రాస్తే కత్తిరించేయగలరు.

ఇక బయటికి వెళ్లిపోయిన ఫొటో సంగతి. దాన్ని మీ ఎదుటే తొలగించమని లాడ్జి యజమానిని అడగండి. మైఆధార్ వెబ్‌సైటులోనే బయోమెట్రిక్ లాక్ వేసుకుంటే మీ వేలిముద్రతో ఎవరూ ఖాతాలోంచి డబ్బు తీయలేరు. అయితే రేషన్ దుకాణానికి వెళ్లేముందు లాక్ తీయడం మరిచిపోకండి. మా అమ్మ అరగంట వరుసలో నిలబడి ఖాళీ సంచితో తిరిగొచ్చింది, ఆ తిట్లన్నీ నాకే.