ఫైబ్రాయిడ్లు: రక్త పరీక్ష ఎవరికి పనికొస్తుంది?

ప్రశ్న: నా వయసు 38. గర్భసంచిలో నాలుగు ఫైబ్రాయిడ్లు ఉన్నాయన్నారు. మా అమ్మకూ ఉండేవి. జన్యు లోపం వల్లే వస్తాయట కదా, రక్త పరీక్ష చేయిస్తే మా అమ్మాయికి వస్తాయో రావో తెలుస్తుందా?

జవాబు: తెలియదు. అమ్మానాన్నల నుంచి వచ్చే జన్యు మార్పు ఒంట్లో ప్రతి కణంలోనూ ఉంటుంది. ఫైబ్రాయిడ్‌ది సాధారణంగా అలాంటిది కాదు. గర్భసంచి కండరంలో ఎప్పుడో ఒక్క కణంలో మార్పు జరిగి, ఆ కణమే పెరిగి గడ్డవుతుంది. మీ నాలుగు గడ్డలూ చాలావరకు నాలుగు వేర్వేరు కణాల నుంచి పుట్టి ఉంటాయి. గడ్డలోనే ఉన్న మార్పు రక్తంలో ఎలా దొరుకుతుంది?

పది గడ్డల్లో సుమారు ఏడింటిలో దెబ్బతినేది ఎక్స్ క్రోమోజోమ్ మీది ఎంఈడీ12 జన్యువు. ఈ సంగతి 2011లో ఫిన్లండ్ పరిశోధకులు బయటపెట్టారు. విచిత్రమేమిటంటే అంత పొడవాటి జన్యువులో మార్పులు దాదాపు ఒకేచోట, రెండో ఎక్సాన్‌లో (ప్రొటీన్ తయారీ సమాచారం ఉండే ముక్కల్లో రెండోది), అందులోనూ ఎక్కువగా ఆ జన్యువు తయారుచేసే ప్రొటీన్‌లోని 44వ అమైనో ఆమ్లం గ్లైసీన్‌కు చెందిన చోట జరుగుతాయి. దాంతో సీడీకే8 అనే ఎంజైమ్‌కు తోడుండే సైక్లిన్-సి ప్రొటీన్ మీద ఎంఈడీ12 ప్రొటీన్ పట్టు సడలి, ఆ ఎంజైమ్ పని కుంటుపడుతుంది. ఏ జన్యువు ఎంత పనిచేయాలో చూసే ఏర్పాటు చెదురుతుంది. కణాల చుట్టూ కొల్లాజెన్ పేరుకుంటుంది. గడ్డ గట్టిగా తగలడం దాని వల్లే.

రెండో రకం గడ్డల్లో 12వ క్రోమోజోమ్ ముక్క తరచూ 14వ దానితో తారుమారై, పెద్దయ్యాక నిద్రాణంగా ఉండాల్సిన హెచ్‌ఎంజీఏ2 జన్యువు మేలుకుంటుంది. ఇవి తరచూ ఒంటిగా, పెద్దగా ఉంటాయి.

మొదలుపెట్టేది మార్పే అయినా పెంచేది హార్మోన్లు, ముఖ్యంగా ప్రొజెస్టిరాన్. మందులతో హార్మోన్లు తగ్గిస్తే గడ్డ కుంచించుకుపోతుంది, ఆపితే మళ్లీ పెరుగుతుంది. మార్పు అక్కడే ఉంది మరి.

తల్లికి ఉంటే కూతురికి అవకాశం కొంత ఎక్కువే. అది అనేక చిన్న తేడాల ఫలితం, ఒక్క పరీక్షకు చిక్కదు. నెలసరి రక్తస్రావం ఎక్కువైతే స్కానింగ్ చేయించండి, చాలు.

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. తీసిన గడ్డ బయాప్సీ రిపోర్టులో ‘ఎఫ్‌హెచ్ లోపం’ అని రాశారు. క్యాన్సరా?

జవాబు: ఆ మాటకు క్యాన్సర్ అని అర్థం కాదు. కానీ రక్త పరీక్ష తప్పనిసరిగా చేయించాల్సింది మీలాంటివారే. ఎఫ్‌హెచ్ అంటే కణం శక్తి తయారుచేసుకోవడంలో పనిచేసే ఫ్యూమరేట్ హైడ్రటేజ్ అనే ఎంజైమ్; ఫ్యూమరేట్ అనే పదార్థాన్ని మార్చడం దాని పని. అది లేక ఫ్యూమరేట్ పేరుకుంటే, ఆక్సిజన్ అందడం లేదన్నట్టు కణం ప్రవర్తిస్తుంది. ఈ లోపం గడ్డకే పరిమితం కావచ్చు, పుట్టుకతో వచ్చినదీ కావచ్చు. తేల్చేది రక్తమే. జన్యువు చదవడంతో ఆపకుండా, ముక్క మొత్తంగా ఎగిరిపోయిందేమో కూడా చూడమనండి. ఉత్త సీక్వెన్సింగ్ దాన్ని పట్టుకోలేకపోవచ్చు.

పుట్టుకతో వచ్చినదని తేలితే, త్వరగా పాకే ఒక రకం కిడ్నీ క్యాన్సర్ ముప్పు ఉంటుంది. ఏటా కిడ్నీలకు కాంట్రాస్ట్ ఎంఆర్ఐ చేయిస్తారు. అల్ట్రాసౌండ్‌లో చిన్న కణితులు తప్పిపోతాయి. చలికి నొప్పెట్టే గట్టి బొడిపెలు చర్మం మీద ఉన్నా, ఇంట్లో ఎవరికైనా కిడ్నీ క్యాన్సర్ వచ్చినా డాక్టరుకు చెప్పండి. తోబుట్టువులకూ పరీక్ష అవసరమే, ఒక్కొక్కరికీ సగం అవకాశం ఉంటుంది.