రాత్రిళ్ళ సంగతి ముందు తేల్చుకో

అమ్మడూ,

నాన్నని చోడవరం నుంచి మీ ఇంటికి తెచ్చేసుకుంటున్నావని నిన్న మీ చిన్నాన్న ఫోన్ చేసి చెప్పాడు. పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా లేవలేకపోయాను. మా తమ్ముణ్ణి కూతురు చూసుకుంటానంటోందని ఒకపక్క కడుపు నిండిపోయింది. ఇంకోపక్క చూస్తే నాలుగేళ్ళ పిల్ల, బ్యాంకు ఉద్యోగం, విశాఖ మద్దిలపాలెంలో రెండు గదుల ఇల్లు, పక్షవాతంతో మంచాన పడ్డ మనిషి. ఈ మేనత్త బతికే ఉంది కదా, ఒక్క మాట అడగొద్దూ?

సరే, అడగలేదు. అయినా చెప్తాను.

మీ లిఫ్టులో స్ట్రెచర్ పడుతుందో లేదో ముందే కొలిపించు. బాత్‌రూమ్‌లో పట్టుకోడానికి రాడ్డు బిగించు. సచివాలయానికి వెళ్ళి వికలాంగుల సర్టిఫికెట్టు కోసం సదరం స్లాటు పెట్టించు. పక్షవాతంతో మంచానికే పరిమితమైన వాళ్ళకి నెలకి 15,000 పింఛను ఉంది, అడగడానికి మొహమాటమేంటి? పావురం రక్తం పూస్తే చెయ్యి లేస్తుందని చెప్పేవాళ్ళు తప్పకుండా వస్తారు. వాళ్ళకి టీ ఇచ్చి పంపించెయ్. ఆ డబ్బులు ఫిజియోథెరపీకి పెట్టు. మొదటి నెలల్లో వచ్చినంత కదలిక తర్వాత రావడం కష్టం.

తిండి దగ్గర మాత్రం తొందర పనికిరాదు. కూర్చోబెట్టే తినిపించు, తిన్నాక అరగంట పడుకోబెట్టకు. గట్టి అన్నం కంటే పలచటి మంచినీళ్ళే ఎక్కువ పొలమారతాయి. అది ఊపిరితిత్తుల్లోకి పోతే నిమ్ము చేస్తుంది. అందుకే మింగుడు ఎలా ఉందో డాక్టరుకి ఒకసారి చూపించు. మాత్రల డబ్బా బీరువాలో పెట్టి తాళం వెయ్యి. కొన్ని షుగర్ మాత్రలు పసిపిల్లలు ఒక్కటి మింగినా ప్రాణం మీదికొస్తుంది. మళ్ళీ మూతి వంకర పోయినా మాట తడబడినా గడియారం చూసుకుని 108కి చెయ్యి. గడ్డ కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల్లోపే పని చేస్తుందట.

ఇవన్నీ ఎవరైనా చెప్తారు. నేనడిగేది వేరు. రెండు గంటలకోసారి పక్క మార్చాలి కదా, లేకపోతే వీపు పుండ్లు పడుతుంది. మరి రాత్రి ఎవరు లేస్తారు?

1991లో మీ నానమ్మకి ఇదే జబ్బు. ఎడంవైపు పడిపోయింది, మాట పోయింది. మల్కాపురంలో ఒక గది, వంటిల్లు. మీ మావయ్యకి షిప్‌యార్డులో నైట్ డ్యూటీలు. నాది మొద్దునిద్ర. ఆవిడ పిలవలేకపోయేది కదా, అందుకని కుడిచేతికి ఒక నూలుతాడు కట్టి, రెండో కొస నా మణికట్టుకి కట్టుకున్నాను. రెండు రాత్రులు లాగి లాగి అలిసిపోయినట్టుంది, పొద్దున చూస్తే పక్కంతా తడి. నాకు తెలివి రాలేదు.

మీ బావకి అప్పుడు ఐదేళ్ళు. చీమ చిటుక్కుమన్నా లేచేవాడు. మూడో రాత్రి నుంచి ఆ తాడు వాడి చేతికి కట్టాను. "అమ్మమ్మ లాగితే అమ్మని లేపాలి, సరేనా?" అంటే బడిలో లీడర్ని చేసినంత సంబరపడ్డాడు. ఎంత తెలివైన ఉపాయమో అని ఇరుగుపొరుగుకి చెప్పుకున్నాను కూడా. పగలు బళ్ళో తూగుతున్నాడని టీచరు చీటీ పంపితే వాడినే కసిరాను.

నలభై రోజులు పైనే గడిచాయి. ఒకరోజు తెల్లారేసరికి ఆవిడ లేదు. వాడు లేచి కూర్చుని తాడు వంక చూస్తూ, "నేను లెగలేదా అమ్మా?" అన్నాడు. అప్పటికే ఇంట్లోకి జనం వస్తున్నారు. నేను కత్తిపీట మీద ఆ తాడు కోసేసి, ఏమీ అనకుండా వాణ్ణి పక్కింటికి పంపించేశాను.

ఆ ప్రశ్నకి జవాబు ఇవ్వలేదు. అది ప్రశ్న అని కూడా నాకు తట్టలేదు. 2014 అక్టోబర్ 12, హుద్‌హుద్ తుఫాను రోజు. గాలి తగ్గింది, కరెంటు లేదు, కొవ్వొత్తి ముందు కూర్చున్నాం. వాడికి ఇరవై ఎనిమిదేళ్ళు. ఉన్నట్టుండి, "అమ్మమ్మ ఆ రాత్రి లాగిందేమో, నాకే మెలకువ రాలేదేమో" అన్నాడు. ఇరవై మూడేళ్ళు వాడు ఆ తాడుతోనే పడుకున్నాడు అమ్మడూ.

అందుకే నీ కూతురికి మొదటిరోజే చెప్పు. తాతయ్య తలలో రక్తం గడ్డకట్టింది, అందుకే చెయ్యి చెప్పిన మాట వినడం లేదు, అది నీకు అంటుకోదు, నువ్వేం చేసినా రాలేదు అని. అడిగినప్పుడల్లా మళ్ళీ చెప్పు. తాతకి బొమ్మలు చూపిస్తానంటే చూపించనీ, విసుగొచ్చి పారిపోతే పోనీ. "తాతని చూస్తూ ఉండు, ఇప్పుడే వస్తాను" అని మాత్రం వంటింట్లోకి వెళ్ళకు. ఆ మాట నీ నోట వస్తే ఊరుకోను.

మీ నాన్న ఆ రోజుల్లో ప్రతి ఆదివారం బెల్లం దిమ్మ పట్టుకుని వచ్చి, అమ్మ కాళ్ళ దగ్గర గంట కూర్చుని చోడవరం బస్సెక్కేసేవాడు. ఒక్క రాత్రి ఉండరా అంటే ఉండేవాడే. నాకు చేతకావడం లేదనుకుంటాడని అడగలేదు. నువ్వు మీ ఆయన్ని అడుగు, మీ చిన్నాన్నని అడుగు. రాత్రిపూటకి మనిషిని పెట్టుకోడానికి డబ్బు చాలకపోతే నన్నడుగు.

మంగళవారం, శుక్రవారం రాత్రులు నావి. ఆ మొద్దునిద్ర ఎటు పోయిందో, ఇప్పుడు రెండింటికల్లా కళ్ళు తెరుచుకుంటున్నాయి. ఎలాగూ కూర్చునే ఉంటాను, మా తమ్ముడి పక్కన కూర్చుంటాను. గాజువాక నుంచి బస్సులకేం కొదవ? ఎనిమిదింటికల్లా వచ్చేస్తాను. నాకోసం వండి పెట్టకు. పిల్లని పక్కలో వేసుకుని, గది తలుపు గడియ పెట్టుకుని పడుకో.

మీ అత్త