మొగ్గను తొందరపెట్టవద్దు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

కుండీలోని పీచ్ మొక్క ఆకులన్నీ రాల్చి మోడులా నిలిచిందనీ, చలికి చచ్చిపోతుందేమోనని వెచ్చని గదిలోకి మార్చాలనుకుంటున్నావనీ రాశావు. ఇప్పుడే మార్చవద్దు. చాలా ఏళ్ల కిందట నేనూ అదే జాలితో ఒక పీచ్ మొక్కను శీతకాలం నడుమ ఇంట్లో పెట్టాను. వసంతంలో కొమ్మల కొసన ఉన్న మొగ్గలు మాత్రమే విచ్చుకున్నాయి, పక్క మొగ్గలు కళ్లు మూసుకునే ఉండిపోయాయి, వచ్చిన నాలుగు పూలూ పిందె కట్టకుండానే రాలిపోయాయి.

శరదృతువులో మొగ్గ నిద్రకు సిద్ధమయ్యేటప్పుడు దానిలోని కణాల మధ్య ఉండే సన్నని దారులు కాలోజ్ అనే పదార్థంతో మూసుకుపోతాయి, ఎదుగుదలను అణచే అబ్సిసిక్ ఆమ్లం పెరుగుతుంది. అప్పుడు ఎంత వెచ్చదనం ఇచ్చినా మొగ్గ కదలదు. వారాల తరబడి చలి తగిలితేనే ఆ ఆమ్లం తగ్గి, దారులు తెరుచుకుంటాయి. పైగా ఈ లెక్క ప్రతి మొగ్గదీ వేరు. మొక్కను వెచ్చని గదిలో ఉంచి ఒక్క కొమ్మను మాత్రం బయటి చలికి వదిలితే, వసంతంలో ఆ కొమ్మే ముందు చిగురిస్తుందని బ్లూబెర్రీ మొక్కల మీద చేసిన ప్రయోగాలతో కోవిల్ అనే అమెరికా వృక్షశాస్త్రవేత్త 1920లోనే చూపించాడు.

చలి ఎంత తీవ్రంగా ఉంటే అంత మంచిదనుకోవడం మాత్రం పొరపాటు. గడ్డకట్టే చలి ఈ లెక్కలోకి దాదాపు రాదు. సున్నాకు పైన, సుమారు 7 డిగ్రీల లోపు గడిచిన గంటలే ఎక్కువ పనిచేస్తాయి. చాలా ఆపిల్ రకాలకు అలాంటివి 800 నుంచి 1,000 గంటలు, కొన్నింటికి అంతకన్నా ఎక్కువ కావాలి. 'అన్నా' వంటి ఆపిల్ రకానికి 300 లోపే చాలు. నడుమ 16 డిగ్రీలు దాటిన ఎండ రోజులు వస్తే కూడిన గంటల్లో కొంత చెరిగిపోతుంది. అందుకే గదిలో రెండు రోజులు, బయట రెండు రోజులు ఉంచడం కూడా చేటే.

నీ మొక్కకు చలి సరిపోయిందో లేదో క్యాలెండరు చెప్పదు, కొమ్మే చెబుతుంది. జానెడు పుల్లలు రెండు మూడు కోసి, మొదలు మళ్లీ ఏటవాలుగా కత్తిరించి, సుమారు 20 డిగ్రీల గదిలో నీళ్లలో నిలబెట్టు. రెండు మూడు రోజులకొకసారి నీళ్లు మార్చు. రెండు మూడు వారాల్లో మొగ్గ మీది పొలుసులు విడి ఆకుపచ్చ కొస కనిపిస్తే ఆ మొగ్గలకు నిద్ర తీరినట్టే. ఏమీ కదలకపోతే ఒక మొగ్గను బ్లేడుతో నిలువునా చీల్చి చూడు: లోపల ఆకుపచ్చగా ఉంటే ఇంకా చలి కావాలి, గోధుమరంగుకు తిరిగి ఉంటే అది చనిపోయింది.

అంతవరకు కుండీకి గోనెసంచి చుట్టి వేళ్లను కాపాడు, కొమ్మలను చలికి వదిలేయి. నిద్ర తీరిన మొగ్గ మాత్రం నాలుగు వెచ్చని రోజులకే కదిలిపోతుంది. ఆ తరువాత వచ్చే మంచు రాత్రే దానికి అసలు ప్రమాదం. కాబట్టి పొలుసుల సందున గులాబీరంగు కనిపించిన నాటి నుంచి రాత్రిపూట మొక్క మీద గుడ్డ కప్పు, పగలు తీసేయి. పుల్లలు నీళ్లలో పెట్టిన తేదీ, మొదటి మొగ్గ కదిలిన తేదీ రెండూ రాసి ఉంచి నాకు పంపు.

నీ మామయ్య