రామప్ప గుడిని వీఆర్‌లో చూపించడం కూడా ఉద్యోగమేనా?

ప్రశ్న: మాది హనుమకొండ. మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ పాసైంది, బొమ్మలు బాగా వేస్తుంది. రామప్ప లాంటి గుళ్లను వర్చువల్ రియాలిటీలో (వీఆర్ అంటే కళ్లకు హెడ్‌సెట్ పెట్టుకుంటే అక్కడే ఉన్నట్టు కనిపించేది) చూపించే పని నేర్చుకుంటానని, బీఎఫ్‌ఏ (లలిత కళల డిగ్రీ) యానిమేషన్‌లో చేరతానని పట్టుబట్టింది. ఎప్‌సెట్ ర్యాంకుకు ఓ మామూలు కాలేజీలో సీఎస్‌ఈ సీటు వస్తుంది. ఒక సంస్థేమో ఏడాది వీఆర్ డిప్లొమాకు 2.5 లక్షలు అడుగుతోంది, ఉద్యోగం గ్యారంటీ అంటోంది. గేమింగ్ కంప్యూటర్ కొనమంటే చదువు పాడవుతుందని కొనలేదు. ఈ మూడింటిలో ఏది మేలు? అసలు ఇదీ ఒక ఉద్యోగమేనా? మా బంధువులు నవ్వుతున్నారు.

జవాబు: మూడు కోర్సులు రాశారు గానీ, మీకు నిద్ర పట్టనివ్వనిది చివరి రెండు వాక్యాలేనండి. మల్టీమీడియా కొత్తగా వచ్చినప్పుడూ, యానిమేషన్ వచ్చినప్పుడూ తల్లిదండ్రులు అడిగింది ఇదే. ఉద్యోగమే. కాకపోతే ప్రకటనల్లో దాని పేరు వీఆర్ అని ఉండదు. త్రీడీ ఆర్టిస్ట్, ఎన్విరాన్‌మెంట్ ఆర్టిస్ట్, స్కాన్ ప్రాసెసింగ్ అని ఉంటుంది. గేమ్ స్టూడియోలు, వీఎఫ్‌ఎక్స్ సంస్థలు, ఆర్కిటెక్టులు, సర్వే కంపెనీలు తీసుకుంటాయి.

ముందు ఆ డిప్లొమా సంగతి. కట్టకండి. పరికరాన్ని నమ్ముకున్న చదువు పరికరంతోనే పోతుంది. ఫేస్‌బుక్ కంపెనీ 2021లో మెటా అని పేరు మార్చుకున్నాక ఊరూరా మెటావర్స్ (వీఆర్‌లో జనం కలుసుకునే లోకం) కోర్సులు వెలిశాయి. తర్వాతేమైంది? మైక్రోసాఫ్ట్ 2023లో ఆల్ట్‌స్పేస్‌వీఆర్ అనే వీఆర్ సమావేశ వేదికను మూసేసింది, 2024లో హోలోలెన్స్ 2 హెడ్‌సెట్ తయారీ ఆపేసింది. అదే ఏడాది అలాంటిదే మరో వేదిక మొజిల్లా హబ్స్ కూడా మూతపడింది.

మ్యూజియాల్లో హెడ్‌సెట్ల మీద నా అనుమానం ఇంకా పెద్దది. పది నిమిషాల ప్రదర్శన అనుకోండి. తుడవాలి, పట్టీ సరిచేయాలి, ఛార్జింగ్ చూసుకోవాలి, పక్కన ఒక మనిషి నిలబడాలి. ఒక హెడ్‌సెట్‌తో గంటకు ఆరుగురు కూడా చూడలేరు. సెలవు రోజు వచ్చే జనానికి అది ఏ మూలకు? పైగా పదేళ్ల లోపు పిల్లలకు క్వెస్ట్ హెడ్‌సెట్ వద్దని దాన్ని తయారుచేసే మెటాయే చెబుతోంది. మ్యూజియానికి బస్సుల్లో వచ్చేది మరి బడి పిల్లలే కదా. అందుకే చాలాచోట్ల కొన్నాళ్లకు అవి బీరువా ఎక్కుతాయి. నిలిచేది లోపలి త్రీడీ మోడల్. దాన్ని టచ్‌స్క్రీన్‌లో, ఫోన్లో, గోడ మీద ప్రొజెక్టర్‌తో కూడా చూపించవచ్చు.

ఆ మోడల్ వెనకుండే కొలతల విలువ తెలియాలంటే పారిస్ నోత్రదామ్ చర్చి సంగతి చూడండి. ఆండ్రూ టాలన్ 2010లో లేజర్ స్కానర్‌ను 50కి పైగా చోట్ల నిలబెట్టి, 100 కోట్లకు పైగా బిందువులతో దాన్ని కొలిచారు. ఆయన 2018లో పోయారు, 2019 ఏప్రిల్‌లో చర్చి పైకప్పు కాలిపోయింది. మళ్లీ కట్టినవాళ్లకు ఆ కొలతలు కూడా ఆధారమయ్యాయి. టాలన్ ఇంజినీరు కాదు, కళాచరిత్ర ప్రొఫెసర్. ఈ ఒక్క ముక్క బంధువులకు చెప్పండి, చాలు.

ఏ కోర్సులో చేరేలోపైనా మీ అమ్మాయికి ఈ పని ఇవ్వండి: ఒక రాతిని చుట్టూ ఫోటోలు తీసి, వాటిని సాఫ్ట్‌వేర్‌తో త్రీడీ మోడల్‌గా మార్చడం. రామప్ప కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది, ట్రైపాడ్‌కూ డ్రోన్‌కూ అనుమతి కావాలి. కాబట్టి ముందు ఏ ఊరి పొలిమేరలోనో ఉన్న వీరగల్లు (పోరులో పోయిన వీరుడి గుర్తుగా చెక్కి నిలిపిన రాయి) చాలు. మబ్బు పట్టిన పొద్దున వెళ్లాలి, ఎండలో నీడలు మోడల్‌కు అంటుకుపోతాయి. ఫ్లాష్ వద్దు, జూమ్ మార్చొద్దు, ఫోటోకూ ఫోటోకూ రంగు మారకుండా వైట్ బ్యాలెన్స్ లాక్ చేయాలి. మోకాలి ఎత్తులో ఒక చుట్టు, ఛాతీ ఎత్తులో ఒకటి, పైనుంచి ఒకటి, మొత్తం 150 ఫోటోలు. ప్రతి ఫోటోలో ముందు ఫోటోలోని భాగం 70–80 శాతం మళ్లీ పడాలి. కొత్తవాళ్లు నిలబడ్డ చోటే కెమెరా తిప్పుతారు, దాంతో లోతు రాదు. ప్రతి ఫోటోకూ పక్కకు జరగాలి. రాయి పక్కన 30 సెంటీమీటర్ల స్కేలు పెట్టకపోతే ఆకారం వస్తుంది గానీ అసలు సైజు ఎంతో తెలియదు.

రామప్ప మదనికల (గుడి బయటి స్త్రీ శిల్పాల) దగ్గర అసలు చిక్కు వస్తుంది. నున్నగా మెరుగుపెట్టిన నల్లరాయి అది. మనం జరిగితే మెరుపూ జరుగుతుంది, సాఫ్ట్‌వేర్ దాన్ని రాతి మీది గుర్తు అనుకుని మోసపోతుంది, మోడల్ గుంటలు పడుతుంది. దీపానికీ లెన్సుకూ అడ్డంగా పోలరైజింగ్ ఫిల్టర్లు పెట్టి ఆ మెరుపును చంపాలి.

తర్వాతిది కోత. త్రీడీ మోడల్ ఉపరితలం చిన్న చిన్న త్రిభుజాల అల్లిక. స్కాన్‌లో అవి కోట్లలో వస్తాయి. హెడ్‌సెట్‌కు సెకనుకు 72 ఫ్రేములు కావాలి, అంటే ఒక్కో ఫ్రేముకు 14 మిల్లీసెకన్లు కూడా లేవు. ఆలస్యమైతే చూసేవాళ్లకు కళ్లు తిరుగుతాయి. అందుకే త్రిభుజాలను లక్షల్లోకి తగ్గించి, చెక్కడపు వివరాన్ని నార్మల్ మ్యాప్‌లో (ఎత్తుపల్లాల భ్రమ కలిగించే బొమ్మలో) దాచాలి. జీతం వచ్చేది ఈ పని చేతనైనవాళ్లకే. విరిగిన చేయిని ఊహించి అతికిస్తే, ఏది ఉన్నది, ఏది ఊహ అన్నది విడిగా చూపాలని లండన్ చార్టర్ (వారసత్వ కట్టడాల కంప్యూటర్ రూపాలకు నియమావళి) చెబుతుంది. పరిశోధన వైపు వెళ్లేవాళ్లకు ఇది ప్రాణం.

ఫోటోలను మోడల్‌గా మార్చే మెష్‌రూమ్, మోడల్‌ను సరిదిద్దే బ్లెండర్ రెండూ ఉచితం. కానీ మెష్‌రూమ్ సరిగ్గా నడవాలంటే ఎన్‌విడియా గ్రాఫిక్స్ కార్డు ఉండాలి. అంటే మీరు కొననన్న ఆ గేమింగ్ కంప్యూటరేనండి! ఊరూ పేరూ లేని గ్యారంటీకి 2.5 లక్షలు ఇవ్వడానికి సిద్ధపడ్డారు, అంతకన్నా తక్కువకే వచ్చే పనిముట్టును మాత్రం ఆటబొమ్మ అన్నారు. పిల్ల ఏం చేస్తుందో పక్కన కూర్చుని ఒక్కరోజైనా చూశారా? 8 జీబీ కార్డు, 32 జీబీ ర్యామ్ ఉండేలా కొనండి.

ఇక సీఎస్‌ఈనా, బీఎఫ్‌ఏనా? సీఎస్‌ఈలో చేరితే బొమ్మ, శిల్పం సొంతంగా నేర్చుకోవాలి. హైదరాబాద్ జేఎన్‌ఏఎఫ్‌ఏయూలో (ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ) బీఎఫ్‌ఏ యానిమేషన్ అయితే పైథాన్ ప్రోగ్రామింగ్, గేమ్‌లూ వీఆర్ దృశ్యాలూ నడిపే అన్‌రియల్ ఇంజిన్ సొంతంగా పట్టాలి. రెండు దారుల నుంచీ సీడ్ అనే డిజైన్ ప్రవేశ పరీక్ష రాసి ఐఐటీ హైదరాబాద్‌లో ఎం.డెస్ (డిజైన్ పీజీ) సీటుకు ప్రయత్నించవచ్చు. ఏ తలుపూ శాశ్వతంగా మూసుకోదు, ఆ భయం వదిలేయండి. ఆ వీరగల్లు పనిలో చెక్కడం దగ్గర గంటలు మరిచిపోతే బీఎఫ్‌ఏ. సాఫ్ట్‌వేర్ ఎందుకు మోసపోయిందో తవ్వుతూ కూర్చుంటే సీఎస్‌ఈ. ఈలోగా కౌన్సెలింగ్ గడువు పోనివ్వకండి. డిప్లొమా వాళ్లకు అడ్వాన్సు ఏదైనా కట్టి ఉంటే రసీదు తీసుకెళ్లి ఈ వారమే వెనక్కి అడగండి.