చాక్లెట్ డబ్బా కుక్కపిల్లకి అందకూడదు

అమ్మాయీ,

లాబ్రడార్ పిల్లని తెచ్చుకున్నారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. సంతోషం. సిరిమాను పండక్కి మీ విజయనగరం ఇల్లు చుట్టాలతో నిండిపోతుంది, వచ్చినవాళ్లంతా బాబుకి చాక్లెట్ డబ్బాలు తెస్తారు. పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసినవాణ్ణి కాబట్టి ముందే రాస్తున్నాను.

చాక్లెట్ కుక్కకి విషం. కోకోలో ఉండే థియోబ్రోమిన్ అనే పదార్థం మన ఒంట్లో త్వరగానే విరిగిపోతుంది. కుక్క ఒంట్లో సగం తగ్గడానికే సుమారు 17 గంటలు పడుతుంది. "నేను తింటే ఏమీ కాలేదు కదా" అని బాబు వాదిస్తే ఇదే చెప్పు.

ఎంత తిందన్నదే కాదు, ఎంత నల్లటిది తిందన్నదీ చూడాలి. కుక్క బరువులో కిలోకి 20 మిల్లీగ్రాముల థియోబ్రోమిన్ చేరితే వాంతులు, విరేచనాలు మొదలవుతాయి. 40, 50 దాటితే గుండె దడ, 60 దగ్గర ఫిట్స్. మీ కుక్కపిల్ల 5 కిలోలుంటే మిల్క్ చాక్లెట్ 50 గ్రాములు, డార్క్ చాక్లెట్ 20 గ్రాములతోనే ఇబ్బంది మొదలవుతుంది. నువ్వు కేకులో కలిపే కోకో పొడి అన్నిటికంటే ఘాటు, ఒక పెద్ద చెంచాడు చాలు. తెల్ల చాక్లెట్లో ఈ విషం దాదాపు ఉండదు గానీ ఆ కొవ్వుకి కడుపు పాడవుతుంది. ఎండుద్రాక్ష ఉన్న చాక్లెట్ అయితే కిడ్నీలకీ ముప్పే.

తిన్నదని తెలిసినా హుషారుగానే తిరుగుతోంది కదా అని ఊరుకోవద్దు. లక్షణాలు బయటపడడానికి 6 నుంచి 12 గంటలు పట్టొచ్చు. వాంతి చేయించే మందు బాగా పనిచేసేది మొదటి ఒకటి రెండు గంటల్లోనే. అందుకని వెంటనే డాక్టరుకి ఫోన్ చేసి, కుక్క బరువు, ఎప్పుడు తిన్నది, ఎంత తిన్నది చెప్పు. చాక్లెట్ కాగితం పారేయకుండా వెంట పట్టుకెళ్లు.

పండక్కొచ్చిన పెద్దవాళ్లు ఎవరో ఒకరు "ఉప్పునీళ్లు పొయ్యి, కక్కేస్తుంది" అంటారు. ఎంత పెద్దవాళ్లైనా సరే, ఒప్పుకోకు. ఆ ఉప్పు ఒంట్లో చేరి మెదడుకి ఎక్కితే చాక్లెట్ కంటే ముందు అదే చంపుతుంది. పాలు, మజ్జిగ పట్టినా విషం విరగదు. ఆసుపత్రిలో వాంతి చేయించి, అవసరమైతే విషాన్ని పీల్చుకునే బొగ్గుమందు పట్టిస్తారు, సెలైన్ పెడతారు. ఇంటికొచ్చాక మాటిమాటికీ మూత్రానికి బయటికి తిప్పు, ఎందుకంటే ఆ విషం మూత్రాశయంలోంచి మళ్లీ రక్తంలోకి చేరుతుంది.

పిల్లికి తీపి రుచి తెలీదు, చాక్లెట్ జోలికి పెద్దగా పోదు. కానీ కేకు మీది క్రీమ్ నాకుతుంది, కనిపెట్టి ఉండు.

పండగ రోజు రాత్రిపూట ఎవరు దొరుకుతారో ఇప్పుడే కనుక్కో. గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది, అక్కడ డాక్టర్లు ఏ వేళల్లో ఉంటారో అడుగు. దగ్గర్లోని డాక్టరు నంబరూ, పశువుల అంబులెన్స్ నంబరు 1962 కూడా ఫ్రిజ్ మీద రాసి అంటించు. డబ్బాలు మాత్రం గూట్లో కాదు, తలుపున్న బీరువాలోనే పెట్టు. లాబ్రడార్ ముక్కు సంగతి నీకింకా తెలీదు.

మీ మావయ్య