న్యూ మెక్సికో హైస్కూల్లో స్పానిష్‌కు బదులు నవాహో భాష తీసుకోవచ్చా?

ఉద్యోగరీత్యా వాయవ్య న్యూ మెక్సికోకు మారుతున్నామని, తొమ్మిదో తరగతిలో చేరబోయే మీ అమ్మాయి భాషల జాబితాలో స్పానిష్‌తో పాటు అక్కడి ఆదివాసీల భాష నవాహో కూడా ఉందని, నవాహోలు కాని పిల్లలకు దానివల్ల ప్రయోజనం ఉంటుందా అని మీరు అడిగారు. తీసుకోమనే నేను చెబుతాను. మా అమ్మ గ్యాలప్ పట్టణంలో గణితం ఉపాధ్యాయురాలిగా పనిచేసిన రోజుల్లో నేను పది, పదకొండు తరగతులు అక్కడే చదివాను. ఆ రెండేళ్ళూ నవాహో తరగతిలో కూర్చున్నాను. నవాహోల స్వయంపాలిత ప్రాంతమైన నవాహో నేషన్‌కు పొరుగునే, పాత 66వ నంబరు రహదారి మీద ఉన్న ఊరది. మా తరగతిలో నవాహోలు కానివాళ్ళం ఇద్దరమే.

మొదటి వారం మాకు అక్షరాలు చెప్పలేదు, అంకెలూ చెప్పలేదు. మనం ఎవరమో చెప్పుకోవడం నేర్పారు. నవాహోలు తమను దినే అని పిలుచుకుంటారు. కొత్తవారిని కలిసినప్పుడు పేరు తరవాత నాలుగు వంశాలు చెప్పడం వారి మర్యాద: మొదట తల్లి వంశం, తరవాత తండ్రి వంశం, ఆపైన తల్లికి తండ్రి, తండ్రికి తండ్రి ఏ వంశాలవారో చెబుతారు. మన గోత్రాలలాగే ఒకే వంశంవారు పెళ్ళి చేసుకోకూడదు. అయితే మనకు గోత్రం తండ్రి నుంచి వస్తే వారికి వంశం తల్లి నుంచి వస్తుంది. నా వంతు వచ్చినప్పుడు నేను మా ఇంటిపేరు చెప్పాను. అరవై దాటిన మా టీచర్‌గారు, ‘అది మీ నాన్నది. మీ అమ్మ ఎవరి బిడ్డ? ఆవిడను కన్నతల్లి ఎవరి బిడ్డ?’ అని నెమ్మదిగా అడిగారు. నాకు తెలియదు. ఆ రాత్రి తెనాలిలో ఉన్న అమ్మమ్మకు ఫోన్ చేసి, ఆమె పుట్టింటి పేరు, ఆమె తల్లి పుట్టింటి పేరు, ఆ పైతరం పేరు అడిగి నోటుపుస్తకంలో రాసుకున్నాను. తడుముకోకుండా మూడు తరాలూ చెప్పిన అమ్మమ్మ, చివర్లో ‘ఇవన్నీ ఇన్నాళ్ళకు ఎవరడిగారే?’ అంది. మరునాడు ఆ పేర్లను నవాహో వాక్యంలో పెట్టి చెప్పినప్పుడు టీచర్‌గారు తల ఊపి, నా పక్కనున్న అబ్బాయి వైపు తిరిగారు.

తెలుగు వచ్చిన పిల్లలకు ఈ భాషలో కొన్ని సంగతులు ఇంగ్లీషు పిల్లలకన్నా తొందరగా పట్టుబడతాయి. క్రియ వాక్యం చివరనే వస్తుంది. ‘లో’, ‘మీద’, ‘తో’ వంటివి మనలాగే నామవాచకం తరవాత వస్తాయి. చుట్టరికాలైతే మరీ దగ్గర. మా అక్క ‘షాదీ’, మా చెల్లెలు ‘షిదేజీ’, మా అన్న ‘షీనాఈ’, మా తమ్ముడు ‘షిత్సిలీ’; అమ్మ చెల్లెలిని ‘షిమా యాజీ’ అంటారు, మాటకు మాట అర్థం చెబితే ‘మా చిన్నమ్మ’. ఆ ‘షి’ తీసేసి ఉత్తి ‘అక్క’ అనడానికి వీలులేదు. ఎవరి అక్కో చెప్పి తీరాలి. సిస్టర్ అన్న ఒక్క మాటతో అక్కనూ చెల్లెలినీ సరిపెట్టే భాషలో రోజంతా గడిపి వచ్చిన నాకు ఆ గంట ఇంట్లో కూర్చున్నట్టే ఉండేది.

అంతమాత్రాన అది సులువైన భాష అనుకోకండి. స్వరం ఎత్తు మారితే మాట మారిపోతుంది: ‘అజే’లోని దీర్ఘాన్ని కింది స్థాయిలో పలికితే మందు, పైకెత్తి పలికితే నోరు. గాలిని నాలుక పక్కలనుంచి వదిలి పలికే ఒక ‘ల’ ఉంది. అది నాకు రావడానికి మూడు నెలలు పట్టింది. ఇక క్రియల సంగతి వేరే చెప్పాలి. ఒకరోజు టీచర్‌గారు బల్లమీద ఒక తాడు, నీళ్ళున్న కప్పు, ఒక యాపిల్ పెట్టి, ఒక్కొక్కటే ఇమ్మని అడిగారు. మనం అన్నిటికీ ‘ఇవ్వు’ అంటాం. అక్కడ యాపిల్‌కు ‘షా నీఆహ్’, కప్పుకు ‘షా నీకాహ్’, తాడుకు ‘షా నీలే’. ఇచ్చే వస్తువు గుండ్రంగా ఉందా, పాత్రలో ఉందా, వంగే సన్నటి వస్తువా అన్నదాన్ని బట్టి క్రియ ధాతువే మారిపోతుంది. తరవాత ఆవిడ ఒక తెల్లకాగితం చూపించి దానికి తగిన క్రియ చెప్పించారు; చెప్పగానే ఆ కాగితాన్ని గుప్పిట్లో నలిపి ఉండ చేసి మళ్ళీ అడిగారు. ఇప్పుడు యాపిల్‌కు వాడిన క్రియ కావాలి. కాగితం అదే, ఆకారం మారింది కాబట్టి మాట మారింది. ఆ తరవాత చాలా రోజులు నేను చేతిలోకి తీసుకునే ప్రతి వస్తువునూ ఒక క్షణం ఆగి చూసేదాన్ని.

మీరు ముందుగా తెలుసుకోవలసిన విషయం మరొకటి ఉంది. 2006–2010 జనగణన శాఖ సర్వే ప్రకారం ఇంట్లో నవాహో మాట్లాడేవారు సుమారు 1,69,000 మంది. అమెరికాలోని ఆదివాసీ భాషల్లో మరి దేనికీ అంతమంది లేరు. అయినా మా తరగతిలో ఎక్కువమంది నవాహో పిల్లలకు భాష రాదు. 1864లో అమెరికా సైన్యం వారిని సొంత నేల నుంచి బోస్కే రెడోండో అనే నిర్బంధ శిబిరానికి నడిపించింది. తిరిగి రానిచ్చిన 1868 ఒప్పందంలోనే, ఆరు నుంచి పదహారేళ్ళ పిల్లలను ఇంగ్లీషు చదువుకు పంపాలన్న షరతు ఉంది. ఆ తరవాత వచ్చిన హాస్టల్ బడుల్లో నవాహో మాట్లాడిన పిల్లలను కొట్టారు, సబ్బుతో నోళ్ళు కడిగారు. అదే భాష యుద్ధంలో అవసరమైంది: 1942లో అమెరికా మెరైన్ దళం 29 మంది నవాహో యువకులను తీసుకుని, జపాన్ సైన్యం ఛేదించలేని సంకేతాలను ఆ భాషతోనే తయారు చేయించింది. అయినా బడుల్లో దెబ్బలు తిన్న తరం తమ పిల్లలకు ఆ బాధ వద్దనుకుని ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడింది. కాబట్టి మీ అమ్మాయికి అది ఒక సబ్జెక్టు. పక్క బల్లమీద కూర్చున్నవారికి తమ అమ్మమ్మతో మాట్లాడగలగడం. నా స్నేహితురాలి ఇంటికి వెళ్ళినప్పుడు, ఉన్ని ఏకుతున్న వాళ్ళ అమ్మమ్మ నన్ను ‘మీది ఏ వంశం?’ అని నవాహోలో అడిగింది. మన పల్లెల్లో ‘ఎవరి అమ్మాయివి?’ అన్నట్టే. నేను నా మూడు పేర్లూ చెప్పాను. తరవాత నా స్నేహితురాలు తరగతిలో నేర్చుకున్న తన నాలుగు వంశాలూ పూర్తిగా, మొదటిసారి ఆవిడ ఎదుట చెప్పింది. ఆవిడ ఏకడం ఆపి, మళ్ళీ చెప్పమంది.

సంస్కృతి పాఠాల్లో తెలియనివి వదిలేయడం కూడా నేర్చుకోవాలి. తోడేలుకు దగ్గరి జంతువైన కొయోటే కథలను చలికాలంలోనే, మొదటి మంచు నుంచి తొలి ఉరుము వరకే చెబుతారు. ఏప్రిల్‌లో ఒక కథ అడిగితే టీచర్‌గారు, ‘ఉరుము వినబడింది కదా’ అని మరో పాఠంలోకి వెళ్ళిపోయారు. పూజలూ చికిత్సల గురించి వారు చెప్పినంతే వినాలి. ఫోనులో రికార్డు చేయకూడదు.

స్పానిష్ ఎక్కువచోట్ల పనికివస్తుందన్నది నిజమే, కానీ దాన్ని ఎక్కడైనా నేర్చుకోవచ్చు. న్యూ మెక్సికోలో నవాహో నేర్పే టీచర్లకు భాష వచ్చని ధ్రువీకరించేది నవాహో నేషనే. అలాంటివారి దగ్గర రోజూ కూర్చునే అవకాశం ఆ ప్రాంతంలోనే దొరుకుతుంది. వేరే రాష్ట్రంలో కాలేజీ చదువు అనుకుంటుంటే మాత్రం, భాషా అర్హత కింద నవాహోను అంగీకరిస్తారో లేదో ఆ కాలేజీని ముందే అడగండి. తరగతులు ఆగస్టులో మొదలవుతాయి కాబట్టి, బయలుదేరేలోగా మీ అమ్మాయి చేత వాళ్ళ అమ్మమ్మకు ఫోన్ చేయించి ఆ పుట్టిళ్ళ పేర్లు రాయించి పెట్టండి. మొదటి వారంలోనే కావలసి వస్తాయి.