ఎస్‌ఈసీ 2026 షెడ్యూల్ నిజంగా అంత గట్టిదేనా?

2026 సీజన్‌లో ఎస్‌ఈసీ (అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో 16 యూనివర్సిటీ జట్ల కూటమి, ఇలాంటి కూటమినే కాన్ఫరెన్స్ అంటారు) షెడ్యూల్ మిగతా కాన్ఫరెన్స్‌లన్నిటికన్నా గట్టిదంటున్నారు, నిజమేనా, అసలు ఆ బలాన్ని ఎలా చూడాలి అని మీరు అడిగారు. నేను ఆస్టిన్‌లో మాస్టర్స్ చేసి అక్కడే ఉద్యోగంలో చేరాను. అక్కడి యూనివర్సిటీ జట్టు టెక్సస్ మ్యాచ్ ఒక్కటి కూడా వదలను. గట్టిదే అన్నది నా జవాబు. కాకపోతే పెద్ద జట్లు ఎన్ని తగిలాయో లెక్కపెట్టి ఊరుకుంటే సగమే తెలుస్తుంది. ఏ మ్యాచ్ వెనక ఏది వస్తోంది, జట్టు సొంత మైదానంలో ఆడి ఎన్నాళ్లయింది, ఇవి చూడాలి.

ఈ సంగతి నాకు 2025లో బాగా తెలిసొచ్చింది. సెప్టెంబర్ 20న శామ్ హ్యూస్టన్‌తో మ్యాచ్ చూసి ఇంటికొచ్చాం. మళ్లీ ఆస్టిన్‌లో మ్యాచ్ జరిగింది నవంబర్ 1న. మధ్యలో ఆరు వారాలు! ఒక వారం ఖాళీ, ఆ తర్వాత ఫ్లోరిడా, డాలస్‌లో ఓక్లహోమా, కెంటకీ, మిసిసిపీ స్టేట్, నాలుగూ వరసగా బయటే. షెడ్యూల్ వచ్చినప్పుడు మా స్నేహితులందరం ఓక్లహోమా ఒక్కటే కష్టం, మిగతావి సులువే అనుకున్నాం.

జరిగింది వేరు. ఫ్లోరిడాలో 29-21తో ఓడిపోయాం. ఆ ఫ్లోరిడా సీజన్ చివరికి 4-8తో, అంటే 4 గెలుపులు, 8 ఓటములతో మిగిలింది. ఓక్లహోమాని మాత్రం 23-6తో గెలిచాం. మరుసటి వారం కెంటకీలో స్కోరు సమమై ఓవర్‌టైమ్ (అదనపు ఆట) దాకా వెళ్లింది. కెంటకీని గోల్ లైన్ ముందు ఒక్క గజంలో ఆపేసి, ఫీల్డ్ గోల్ (బంతిని తన్ని తెచ్చుకునే 3 పాయింట్లు) కొట్టి 16-13తో బయటపడ్డాం. గీత దాటడానికి కెంటకీ చేసిన ఆ ప్రయత్నాలన్నీ నేను సోఫాలో కూర్చోలేక టీవీ ముందు నిలబడి చూశాను, అంత టెన్షన్. ఆ పై వారం మిసిసిపీ స్టేట్ మీద 38-21తో వెనకబడి, నాలుగో క్వార్టర్‌లో సమం చేసి, మళ్లీ ఓవర్‌టైమ్‌లో 45-38తో గెలిచాం. మా క్వార్టర్‌బ్యాక్ (దాడిని నడిపించే ఆటగాడు) ఆర్చ్ మానింగ్‌కి ఆ ఓవర్‌టైమ్‌లోనే దెబ్బ తగిలింది. కెంటకీ, మిసిసిపీ స్టేట్ పేర్లు చూసి ఎవరూ భయపడరు. కానీ నాలుగు వారాలు ప్రయాణాలు చేసిన జట్టుకి అవీ పెద్ద జట్లే అవుతాయి. షెడ్యూల్ బలం లెక్కలు రోజూ చదువుతాను, ఈ అలసట వాటిలో సరిగ్గా పడుతుందని నాకెప్పుడూ అనిపించలేదు.

ఇక 2026. ఇన్నాళ్లూ ఎస్‌ఈసీలో ఒక్కో జట్టు 8 కాన్ఫరెన్స్ మ్యాచ్‌లు, అంటే కూటమిలోని జట్లతోనే, ఆడేది. ఇప్పుడు 9. మూడు జట్లతో ప్రతి ఏడాదీ, మిగతా ఆరు మారుతూ ఉంటాయి. టెక్సస్‌కి ఆ ముగ్గురూ ఓక్లహోమా, టెక్సస్ ఏ అండ్ ఎం, ఆర్కన్సా. 16 జట్లు 8 చొప్పున ఆడితే మొత్తం 64 మ్యాచ్‌లు, 9 చొప్పున అయితే 72. అంటే కాన్ఫరెన్స్ లోపలే 8 ఓటములు పెరిగాయి. ఇంతకుముందు ఆ తొమ్మిదో మ్యాచ్ వారం బయటి చిన్న జట్టుని పిలిచి గెలిచేవాళ్లు, ఇప్పుడు ఎవరో ఒకరు ఓడక తప్పదు. నా దృష్టిలో అసలు మార్పు ఇదే. బిగ్ టెన్, బిగ్ 12 అనే వేరే కాన్ఫరెన్స్‌లు ముందు నుంచే 9 ఆడుతున్నాయి కాబట్టి, ఈ ఒక్క విషయంలో ఎస్‌ఈసీ వాళ్లని అందుకుందంతే, దాటలేదు.

దాటింది ఎక్కడంటే బయటి జట్లతో పెట్టుకున్న మ్యాచ్‌లలో. ఎల్‌ఎస్‌యూ దగ్గరికి క్లెమ్‌సన్ వస్తోంది, అలబామాకి ఫ్లోరిడా స్టేట్. ఓక్లహోమా మిషిగన్ వెళ్తోంది. సెప్టెంబర్ 12న ఆస్టిన్‌కి ఒహాయో స్టేట్ వస్తోంది. 2025లో వాళ్ల ఊరు కొలంబస్‌లో వాళ్ల చేతిలో 14-7తో ఓడాం, చివరికి 9-3తో ప్లేఆఫ్ (ఛాంపియన్‌ని తేల్చే టోర్నీ) 12 జట్లలో చోటు దక్కలేదు. వాళ్లతో ఆడకుండా ఉండాల్సిందని చాలామంది బాధపడ్డారు. నేను ఒప్పుకోను. మనల్ని ముంచింది ఫ్లోరిడాలో ఓటమి. ఒహాయో స్టేట్ లాంటి మ్యాచ్‌లు మానేస్తే సెప్టెంబర్ నెలంతా చూడ్డానికి ఏం మిగులుతుంది?

టెక్సస్ వరకూ చూస్తే ఒహాయో స్టేట్‌ని ఎదుర్కొన్న రెండు వారాలకే టెన్నెసీ వెళ్లాలి. నవంబర్‌లో ఎల్‌ఎస్‌యూ, టెక్సస్ ఏ అండ్ ఎం, రెండూ వాళ్ల మైదానాల్లోనే. నాకు అన్నిటికన్నా కష్టంగా కనిపిస్తోంది ఆ నవంబరే. అప్పటికి గాయాలు ఎంతమందికో ఎవరికి తెలుసు? ఓక్లహోమా మ్యాచ్ తటస్థ మైదానం కాబట్టి సొంతగడ్డ మీద కాన్ఫరెన్స్ మ్యాచ్‌లు నాలుగే. జార్జియా, ఫ్లోరిడా మ్యాచ్ కూడా తటస్థమే, కానీ మామూలుగా ఆడే ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్ స్టేడియం పనులు జరుగుతున్నందున 2026లో అట్లాంటాలో పెట్టారు. జార్జియా రాష్ట్రంలోనే ఆడుతూ తటస్థం అంటే ఫ్లోరిడా వాళ్లకి అన్యాయమనే నా అభిప్రాయం.

మీరు టెక్సస్‌లోనే ఉన్నారంటున్నారు కాబట్టి, ఒక్క మ్యాచ్‌కే డబ్బులుంటే డాలస్‌లో ఓక్లహోమా మ్యాచ్‌కి వెళ్లండి. మేం తెల్లవారకముందే పులిహోర డబ్బాలో పెట్టుకుని ఐ-35 హైవే మీద బయల్దేరతాం. ఆ మ్యాచ్ జరిగే కాటన్ బౌల్ స్టేడియం ఉండేది స్టేట్ ఫెయిర్ జాతర మధ్యలోనే, మ్యాచ్ టికెట్‌తోనే జాతరలోకీ వెళ్లొచ్చు. లోపల 50 గజాల గీత దగ్గర స్టేడియం రెండుగా చీలిపోతుంది, ఇటు టెక్సస్ నారింజ, అటు ఓక్లహోమా ఎరుపు. రెండు జట్లూ ఒకే సొరంగంలోంచి వస్తాయి. ఆ సొరంగం ఉన్న వైపు సీటు దొరికితే వదలకండి.